ఒకే సెట్-టాప్ బాక్స్, వేర్వేరు గదుల్లో టీవీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హాల్లో ఉన్న డిష్ బాక్సునే పడగ్గదిలో టీవీకీ, వంటింట్లో చిన్న టీవీకీ అందించాలనుకునేవాళ్ళకు పదేపదే వచ్చే సందేహాలివి. ఏ సామానూ కొనకముందే కనీసం మొదటి నాలుగు ప్రశ్నలు చదవండి. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే.

ఒక బాక్సుతో రెండు మూడు టీవీలు నడుస్తాయా?

నడుస్తాయి. కానీ అన్నిట్లోనూ ఒకటే ఛానల్ వస్తుంది. బాక్సు ఒక సమయంలో ఒక ఛానల్‌నే విప్పి బయటికి పంపుతుంది. ఆ బొమ్మను ఎన్ని టీవీలకు పంచినా అదే బొమ్మ. హాల్లో వార్తలు పెడితే పడగ్గదిలోనూ వార్తలే, పడగ్గదిలోంచి క్రికెట్‌కు మారిస్తే హాల్లోనూ మారిపోతుంది. రికార్డింగ్ బాక్సులో రెండు ట్యూనర్లు (ఛానల్‌ను పట్టే భాగాలు) ఉంటాయి కదా అని అడుగుతారు. ఆ రెండోది మీరు ఒకటి చూస్తుండగా ఇంకొకటి రికార్డు చేసుకోవడానికి. బొమ్మనూ శబ్దాన్నీ కలిపి టీవీకి పంపే హెచ్‌డీఎంఐ పోర్టులోంచి వచ్చేది మాత్రం ఒకటే.

ఇంట్లో ఒకేసారి ఇద్దరు వేర్వేరు ఛానళ్ళు చూసే అలవాటుంటే ఈ ఏర్పాటు మొత్తం మీకు పనికిరాదు. చివర్లో ఉన్న రెండో బాక్సు ప్రశ్నకు వెళ్ళిపోండి. ఒకరు హాల్లో లేనప్పుడే ఇంకొకరు గదిలో చూస్తారు, లేదా వంట చేస్తూ అదే సీరియల్ కొనసాగించాలి అనుకునేవాళ్ళకు మాత్రం ఇది చక్కగా సరిపోతుంది.

డిష్ నుంచి వచ్చే కేబుల్‌కే స్ప్లిటర్ పెట్టి రెండో టీవీకి లాగేస్తే సరిపోదా?

సరిపోదు. డిష్ నుంచి వచ్చే కేబుల్‌లో ఉండేది టీవీ అర్థం చేసుకునే బొమ్మ కాదు. 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే ఉపగ్రహ సిగ్నల్ అది. దాన్ని విప్పడానికి బాక్సూ, చందా కార్డూ కావాలి. టీవీలోనే ఉపగ్రహ ట్యూనర్ ఉన్నా చందా ఛానళ్ళు తెరుచుకోవు.

పంచాల్సింది బాక్సులోంచి బయటికొచ్చే బొమ్మను, బాక్సులోకి వెళ్ళే సిగ్నల్‌ను కాదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

హాల్లో టీవీకి ఉన్న ఇంకో హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి రెండో టీవీకి కేబుల్ వేయొచ్చా?

వేసినా ఏమీ రాదు. టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ లోపలికి తీసుకునేవే. ‘ఏఆర్‌సీ’ అని రాసున్న పోర్టు బయటికి పంపేది శబ్దాన్నే, అదీ సౌండ్‌బార్ కోసం. బొమ్మ బాక్సు దగ్గరే చీలాలి.

మరి నాకు ఏ పద్ధతి సరిపోతుంది?

ముందు టేపు పట్టుకుని దూరం కొలవండి. గోడకు అటూ ఇటూ టీవీలు ఉండి, మూలలన్నీ తిరిగినా కేబుల్ దారి 10 మీటర్ల లోపైతే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్, మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు. అంతకు మించితే స్ప్లిటర్‌కు తోడు క్యాట్6 ఎక్స్‌టెండర్ (ఇంటర్నెట్‌కు వాడే తీగ మీద బొమ్మను దూరం పంపే డబ్బాల జత). గోడల్లో ఇదివరకే కోయాక్సియల్ కేబుల్ (డిష్‌కూ కేబుల్ టీవీకీ వాడే గుండ్రటి తీగ) వేసి ఉండి, కొత్తది లాగే వీల్లేకపోతే మాడ్యులేటర్. గోడ ముట్టుకోవడానికే లేదంటే వైర్‌లెస్ సెట్, కాకపోతే దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. రెండో గదిలో ఉన్నది పాత డబ్బా టీవీ అయితే పసుపు, తెలుపు, ఎరుపు రంగుల ఏవీ పిన్నులే గతి.

ఒక మాట: రెండో టీవీ స్మార్ట్ టీవీ అయ్యుండి, ఇంట్లో ఇంటర్నెట్ బాగుంటే, మీ డిష్ సర్వీసుకు యాప్ ఉందేమో ముందు చూడండి. ఉంటే ఒక్క మేకు కూడా కొట్టకుండా పని అయిపోతుంది, పైగా వేరే ఛానల్ కూడా పెట్టుకోవచ్చు.

షాపులో స్ప్లిటర్ అంటే స్విచ్ ఇచ్చారు. రెండూ ఒకటేనా?

కాదు, పనులు పూర్తిగా తలకిందులు. స్విచ్‌కు పోర్టులు మూడు లోపలికి, ఒకటి బయటికి: బాక్సు, గేమ్ కన్సోల్, ప్లేయర్ అన్నీ ఒకే టీవీకి పెట్టుకోవడానికి. మనకు కావాల్సింది ఒకటి లోపలికి, రెండో నాలుగో బయటికి ఉండే స్ప్లిటర్. డబ్బా మీద ‘1×2’ అనో ‘1×4’ అనో ఉంటుంది. మూడు టీవీలకు కూడా 1×4 తీసుకోండి, ఒక పోర్టు ఖాళీగా ఉంటే నష్టం లేదు.

అడాప్టర్ లేకుండా ‘వై’ ఆకారంలో ఉండే చిన్న హెచ్‌డీఎంఐ వైరు కొనొద్దు. హెచ్‌డీఎంఐ అంటే బాక్సూ టీవీ ఒకదాన్నొకటి పలకరించుకుంటూ నడిచే లంకె. తీగల్ని కలిపి కట్టేస్తే రెండు టీవీల జవాబులు ఒకేసారి వచ్చి బాక్సు తికమకపడుతుంది. బాక్సు పోర్టులోంచే కరెంటు తీసుకునే చిన్న స్ప్లిటర్లతోనూ తలనొప్పే. హెచ్‌డీఎంఐ పోర్టు 5 వోల్టుల దగ్గర 55 మిల్లీఆంపియర్లు ఇస్తే చాలన్నది నిబంధన. రెండు టీవీలకు బలంగా తోలడానికి అది చాలదు. విడిగా 5 వోల్టుల అడాప్టర్ ఉన్నదే తీసుకుని, ఆ అడాప్టర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి.

హెచ్‌డీఎంఐ కేబుల్ ఎంత పొడవు వరకు పనిచేస్తుంది?

1080పీ (ఫుల్ హెచ్‌డీ) బొమ్మకు మంచి రాగి కేబుల్ 10 మీటర్ల దాకా నమ్మకంగా, 15 మీటర్ల దాకా అదృష్టాన్ని బట్టి. 4కే, సెకనుకు 60 ఫ్రేములు అంటే 18 గిగాబిట్ల వేగం, అక్కడ 5 మీటర్లు దాటితే మామూలు రాగి కేబుల్ తడబడుతుంది. కేబుల్ చాలకపోతే బొమ్మ మసకబారడం ఉండదు. తెల్లటి, రంగురంగుల చుక్కలు మెరుస్తాయి, లేదా మధ్యమధ్యలో తెర నల్లబడి మళ్ళీ వస్తుంది. ఆ రెండూ కనిపిస్తే బాక్సును అనుమానించకుండా ముందు చిన్న కేబుల్ పెట్టి చూడండి.

ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుళ్ళు 30 మీటర్లు, అంతకు మించి కూడా వెళ్తాయి. వాటికి దిక్కు ఉంటుంది: ‘సోర్స్’ అని ఉన్న కొస స్ప్లిటర్‌కు, ‘డిస్‌ప్లే’ అని ఉన్న కొస టీవీకి. తిప్పి పెడితే ఏమీ రాదు. గోడలోకి దూర్చేశాక తిప్పి పెట్టానని తెలుసుకోవడం కంటే, నేల మీద పరిచి రెండు కొసలూ తగిలించి చూసుకుని అప్పుడు లాగడం మేలు.

క్యాట్6 ఎక్స్‌టెండర్ ఎలా బిగించాలి?

ఎక్స్‌టెండర్ జంటగా వస్తుంది: పంపేది ఒకటి, అందుకునేది ఒకటి. కొన్నిట్లో పంపే డబ్బాకే ఇంకో హెచ్‌డీఎంఐ అవుట్ ఉంటుంది. అలాంటిది దొరికితే వేరే స్ప్లిటర్ అక్కర్లేదు: బాక్సు నుంచి ఎక్స్‌టెండర్‌కు, దాని అవుట్ నుంచి హాలు టీవీకి, లాన్ జాక్ నుంచి పడగ్గదికి. మామూలు ఎక్స్‌టెండర్లు 1080పీని 30 నుంచి 60 మీటర్ల దాకా తీసుకెళ్తాయి. హెచ్‌డీబేస్‌టీ రకం 100 మీటర్ల దాకా వెళ్తుంది, 4కేకి దూరం తగ్గుతుంది. డబ్బా మీద రాసిన దూరంలో మూడింట రెండొంతులే లెక్కలోకి తీసుకోండి.

కేబుల్ కొనేటప్పుడే అసలు జాగ్రత్త. తీగ పూర్తిగా రాగిది, ఒంటి తీగది కావాలి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన కేబుల్ ఇంటర్నెట్‌కు నడిచినా, ఇక్కడ 20 మీటర్లు దాటేసరికి బొమ్మ ఊడిపోతుంటుంది. తీగ కొసను బ్లేడుతో గీకండి, లోపల వెండి రంగు కనిపిస్తే అది అల్యూమినియమే.

రెండు కొసలకూ టీ568బీ వరుసలో పిన్నులు క్రింప్ చేయండి. క్లిప్పు కిందికి పెట్టి ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మెలికలు పిన్ను దగ్గర 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు. రెండు కొసలూ ఒకే వరుస అయితే చాలు కదా అని రంగుల్ని ఇష్టమొచ్చినట్టు పెడతారు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి, బొమ్మ మాత్రం నిలవదు. జత తీగలు జతగానే వెళ్తేనే ఒకదాని గోల ఇంకోదానికి అంటదు.

అన్నీ తగిలించాక ముందు రెండో టీవీ, తర్వాత ఎక్స్‌టెండర్ రెండు డబ్బాలు, చివర్లో బాక్సు ఆన్ చేయండి. మొదటిసారి ఈ వరుస పాటిస్తే పలకరింపు సరిగ్గా కుదురుతుంది.

ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ స్విచ్ గుండా ఎక్స్‌టెండర్‌ను పంపొచ్చా?

మామూలు ఎక్స్‌టెండర్‌ను పంపకూడదు. జాక్ ఒకేలా ఉన్నా దాంట్లో నడిచేది ఇంటర్నెట్ భాష కాదు. పైగా కొన్ని ఎక్స్‌టెండర్లు ఆ తీగల్లోనే అవతలి డబ్బాకు కరెంటు పంపుతాయి, రూటర్ పోర్టు పాడవ్వచ్చు. ‘ఓవర్ ఐపీ’ అని స్పష్టంగా రాసి ఉన్న రకం మాత్రమే స్విచ్ గుండా వెళ్తుంది. అది కూడా మల్టీకాస్ట్‌ను, అంటే ఒకేసారి చాలా పరికరాలకు వెళ్ళే ప్రవాహాన్ని, అదుపు చేయగల ‘ఐజీఎంపీ స్నూపింగ్’ స్విచ్ లేకపోతే ఇంట్లో వైఫై మొత్తాన్ని నత్తనడక పట్టిస్తుంది.

గోడలో పాత కోయాక్సియల్ కేబుల్ ఉంది. దాన్ని వాడుకోలేమా?

వాడుకోవచ్చు, దానికి మాడ్యులేటర్ కావాలి. బాక్సు బొమ్మను మామూలు యాంటెనా ఛానల్‌లా మార్చి పంపే పరికరం ఇది. రెండు రకాలున్నాయి. ఏవీ పిన్నులు తీసుకునే అనలాగ్ రకంలో బొమ్మ పాత నాణ్యతలోనే ఉంటుంది, శబ్దం చాలావాటిలో మోనో. కొత్త టీవీల్లో కొన్నిటికి అనలాగ్ ట్యూనరే ఉండదు కాబట్టి ముందు టీవీ మెనూలో చూసుకోండి. హెచ్‌డీఎంఐ తీసుకునే డిజిటల్ రకం హెచ్‌డీ బొమ్మే ఇస్తుంది. కానీ కాపీ రక్షణ ఉన్న సిగ్నల్‌ను చాలా మాడ్యులేటర్లు తీసుకోవు. డిష్ బాక్సు హెచ్‌డీఎంఐలో ఆ రక్షణ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కొనేముందు మీ బాక్సుతోనే ఆడించి చూపించమనండి.

బిగింపు: మాడ్యులేటర్‌లో యూహెచ్‌ఎఫ్ 21 నుంచి 69 మధ్య, మీ దగ్గర ప్రసారం లేని ఛానల్ నంబరు ఎంచుకోండి. అవుట్‌ను కోయాక్సియల్ స్ప్లిటర్‌కు, అక్కడి నుంచి గదులకు ఇవ్వండి. టీవీలో యాంటెనా మోడ్ పెట్టి స్కాన్ చేయండి. కేబుల్ మోడ్‌లో స్కాన్ చేసి ఛానల్ దొరకలేదనుకునేవాళ్ళే ఎక్కువ.

సిగ్నల్ బలం తక్కువవుతుందనే అందరి భయం. నిజానికి ఇంట్లో తరచుగా జరిగేది ఎక్కువవడం. మాడ్యులేటర్ 85 డెసిబెల్-మైక్రోవోల్టులు ఇస్తే, రెండు దారుల స్ప్లిటర్ దగ్గర 4, 25 మీటర్ల ఆర్‌జీ-6 (ఇళ్ళలో వాడే కోయాక్సియల్) కేబుల్‌లో 4 నుంచి 5 డెసిబెల్స్ పోయాక టీవీకి 76 దాకా చేరుతుంది. డిజిటల్ ట్యూనర్‌కు 50 నుంచి 70 హాయిగా ఉంటుంది. అందుకని సిగ్నల్‌ను తగ్గించే 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ ఒకటి వేయాలి. తెలియక బూస్టర్ పెడితే ఛానల్ పూర్తిగా మాయమవుతుంది. స్ప్లిటర్‌లో వాడని పోర్టుకు 75 ఓమ్‌ల టెర్మినేటర్ మూత బిగించండి.

డిష్ సిగ్నల్ వస్తున్న కేబుల్‌కే మాడ్యులేటర్‌ను నేరుగా కలపకండి. ఆ తీగలో బాక్సు పంపే 13 లేదా 18 వోల్టులు ఉంటాయి, మాడ్యులేటర్ కాలిపోవచ్చు. ఒకే కేబుల్‌లో రెండూ వెళ్ళక తప్పదంటే రెండు కొసల్లోనూ డైప్లెక్సర్లు పెట్టాలి. 862 మెగాహెర్ట్జ్ లోపుది ఒక దారి, 950 పైనది ఇంకో దారి పడుతుంది.

హాలు టీవీకి హెచ్‌డీఎంఐ, పడగ్గది టీవీకి ఏవీ పిన్నులు, రెండూ ఒకేసారి వస్తాయా?

చాలా బాక్సుల్లో వస్తాయి. కొన్ని మాత్రం హెచ్‌డీఎంఐ పెట్టగానే ఏవీ ఆపేస్తాయి. రెండు నిమిషాల్లో తేలిపోయే విషయమే: చిన్న ఏవీ వైరు పెట్టి హాలు టీవీలోనే ఇన్‌పుట్ మార్చి చూడండి. వస్తే స్ప్లిటర్ ఖర్చే ఉండదు.

గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల ఏవీ జాక్ ఉన్న బాక్సుల్లో ఒక చిక్కు ఉంది. ఆ వైర్లలో వీడియో ఏ రింగు మీద ఉండాలన్నది తయారీదారును బట్టి మారుతుంది. బొమ్మ రాకుండా స్పీకర్లో గుర్రుమంటుంటే, టీవీ దగ్గర పసుపు రంగు సాకెట్‌లో ఎర్ర పిన్ను, తర్వాత తెల్ల పిన్ను పెట్టి చూడండి.

పసుపు పిన్నుకు ‘వై’ వైరు పెట్టి రెండు టీవీలకు ఇస్తే బొమ్మ చీకటిగా వస్తుంది. ఒక్కో టీవీ 75 ఓమ్‌ల భారం వేస్తుంది, రెండు కలిస్తే సిగ్నల్ పడిపోతుంది. కరెంటుతో నడిచే ఏవీ డిస్ట్రిబ్యూషన్ డబ్బా పెడితే సరిపోతుంది.

వైర్‌లెస్ సెట్ గోడ దాటుతుందా?

5 గిగాహెర్ట్జ్ రకం ఒక ఇటుక గోడ దాటుతుంది, రెండో గోడ దగ్గర ఆగుతూ సాగుతూ ఉంటుంది. కాంక్రీటు గోడ, లోహపు బీరువా, పెద్ద అద్దం అడ్డుంటే ఇంకా కష్టం. 60 గిగాహెర్ట్జ్ రకం ఒకే గదికి పరిమితం, మనిషి అడ్డు నడిచినా తెగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ పాత ఏవీ సెండర్లు వైఫైతో, మైక్రోవేవ్ అవెన్‌తో కొట్లాడతాయి. అందుకునే డబ్బాను టీవీ వెనక దాచకుండా పక్కకు జరిపి పెట్టండి, టీవీ వెనకున్న లోహపు రేకే సగం సిగ్నల్ మింగేస్తుంది.

స్ప్లిటర్ పెట్టగానే తెర నల్లగా అయిపోయింది, లేదా ‘హెచ్‌డీసీపీ లోపం’ అని వస్తోంది. ఎందుకు?

హెచ్‌డీసీపీ అంటే పైన చెప్పిన కాపీ రక్షణే. బాక్సు ప్రతి టీవీనీ ‘నువ్వు అనుమతి ఉన్న తెరవేనా’ అని అడుగుతుంది. గొలుసులో ఒక్కటి సరైన జవాబు చెప్పకపోయినా బొమ్మ ఆపేస్తుంది. 4కే ఛానళ్ళకు హెచ్‌డీసీపీ 2.2 కావాలి. పాత టీవీల్లో 1.4 వరకే ఉంటుంది.

ముందు ఇలా చేయండి: అన్నిటి ప్లగ్గులూ పీకి ఒక నిమిషం ఆగండి. టీవీలు, స్ప్లిటర్, బాక్సు అన్న వరుసలో మళ్ళీ ఆన్ చేయండి. అయినా రాకపోతే ఒక్క టీవీనే స్ప్లిటర్‌కు ఉంచి చూడండి, తర్వాత రెండోదాన్ని ఒక్కదాన్నే. ఏ టీవీ తగిలించినప్పుడు నల్లబడుతుందో తెలిసిపోతుంది. అది పాత టీవీ అయితే బాక్సు సెట్టింగ్స్‌లో బొమ్మను 1080పీ లేదా 1080ఐకి దించండి. స్ప్లిటర్ వెనక ఇంకో స్ప్లిటర్ తగిలించి ఉంటే అదీ తీసేయండి.

ఒక టీవీ ఆఫ్ చేసినప్పుడో ఆన్ చేసినప్పుడో రెండోదాంట్లో కొన్ని సెకన్లు తెర నల్లబడితే అది లోపం కాదు. పలకరింపు మళ్ళీ మొదలైందన్నమాట.

కొత్త 4కే టీవీలో బొమ్మ మునుపటికంటే తగ్గినట్టుంది, ఏమైంది?

రెండు టీవీలకూ సరిపోయే బొమ్మే బాక్సు పంపుతుంది, అంటే తక్కువ తాహతు ఉన్న టీవీకి తగ్గట్టు. వంటింట్లో 720పీ టీవీ ఉంటే హాల్లో 4కే టీవీకి కూడా అదే దక్కుతుంది. కొన్ని స్ప్లిటర్ల పక్కన ‘ఈడీఐడీ’ అనే చిన్న మీట ఉంటుంది, దాన్ని 1080పీకో మొదటి పోర్టు టీవీకో కట్టేయొచ్చు. ఇంకా బాగా కావాలంటే ఒక్కో అవుట్‌కూ విడిగా 4కేని 1080పీకి దించే స్కేలర్ ఉన్న స్ప్లిటర్ దొరుకుతుంది.

బొమ్మ వస్తోంది గానీ రెండో టీవీలో మాట రావడంలేదు?

బాక్సు ఆడియో సెట్టింగ్‌లో డాల్బీ తీసి పీసీఎం లేదా స్టీరియో పెట్టండి. హాల్లో హోమ్ థియేటర్ ఉండి డాల్బీ వదులుకోలేకపోతే, బాక్సు ఆప్టికల్ అవుట్ నుంచి దానికి విడిగా ఇవ్వొచ్చేమో చూడండి.

పడగ్గదిలోంచి ఛానల్ ఎలా మార్చాలి?

ఏర్పాటులో సగం పని ఇదే. బొమ్మ రావడానికి ఉత్సాహంగా ఖర్చుపెట్టి, ఛానల్ మార్చడానికి హాల్లోకి పరిగెత్తే ఇళ్ళు చాలా ఉన్నాయి.

ముందు మీ రిమోట్ ఏ రకమో చూడండి. ఫోన్ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే రిమోట్ కొసన ఊదా రంగు మెరుపు కనిపిస్తే అది ఇన్‌ఫ్రారెడ్. గోడ దాటదు. వెనక కెమెరాల్లో కొన్ని ఆ వెలుగును అడ్డుకుంటాయి కాబట్టి ముందువైపు (సెల్ఫీ) కెమెరాతో చూడండి. మెరుపు లేకుండానే బాక్సు పనిచేస్తుంటే అది బ్లూటూత్ లేదా రేడియో రకం. పక్క గదిలోంచి అలాగే పనిచేయొచ్చు, ఏమీ కొనక్కర్లేదు.

ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) అయితే ఐఆర్ ఎక్స్‌టెండర్ కావాలి. దాంట్లో రెండు వైర్లుంటాయి. నల్లటి గింజలా ఉండే ‘కన్ను’ పడగ్గది టీవీ దగ్గర ఉండి రిమోట్ వెలుగును అందుకుంటుంది. పారదర్శకంగా చిన్న బల్బులా ఉండే ‘ఎమిటర్’ హాల్లో బాక్సు ముఖానికి అతుక్కుని అదే వెలుగును మళ్ళీ కొడుతుంది. క్యాట్6 ఎక్స్‌టెండర్లలో చాలావాటికి ఈ జాక్‌లు ఉంటాయి, విడిగా కొనక్కర్లేదు. రెండు వైర్ల జాక్‌లూ ఒకేలా ఉండటంతో తారుమారు చేస్తారు. గుర్తు పెట్టుకోవాల్సింది: ‘ఐఆర్ ఆర్ఎక్స్’ అన్న జాక్‌లో కన్ను, ‘ఐఆర్ టీఎక్స్’ అన్న జాక్‌లో ఎమిటర్. కన్ను టీవీ వైపు డబ్బాకు, ఎమిటర్ బాక్సు వైపు డబ్బాకు.

ఎమిటర్ అతికించే చోటు మిల్లీమీటర్ల లెక్క. బాక్సు ముందున్న నల్ల ప్లాస్టిక్ మీద టార్చ్ ఏటవాలుగా వేస్తే, లోపల చిన్న గుండ్రటి మచ్చలా సెన్సర్ కనిపిస్తుంది. కనిపించకపోతే ఒకరు పడగ్గదిలో వాల్యూమ్ కాకుండా ఛానల్ బటన్ నొక్కుతూ ఉండాలి, ఇంకొకరు ఎమిటర్‌ను ముందు పలక మీద ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరపాలి. ఛానల్ మారిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, దుమ్ము తుడిచి అప్పుడు అంటించండి. హాల్లో రిమోట్ కూడా పనిచేయాలి కాబట్టి సెన్సర్‌ను పూర్తిగా మూసేయకుండా అంచున పెట్టండి.

కన్ను టీవీ తెర వెలుగు నేరుగా పడేచోట, ఎల్‌ఈడీ లైటు కింద పెట్టొద్దు. బటన్లు వాటంతటవే నొక్కుకున్నట్టు పిచ్చిగా ప్రవర్తిస్తే, లేదా ఎమిటర్ ఊరికే మినుకుమినుకుమంటుంటే కారణం ఆ వెలుగే. ఎక్కువ రిమోట్లు 38 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, కొన్ని కాదు. మీ రిమోట్ ఒక్కటే పట్టకపోతే ‘వైడ్‌బ్యాండ్’ కన్ను కొనాలి.

ఒక గదిలో టీవీ ఆపితే బాక్సే ఆగిపోతోంది?

అది సీఈసీ చేసే పని. హెచ్‌డీఎంఐ తీగలోనే టీవీ ‘నేను పడుకుంటున్నా, నువ్వూ పడుకో’ అని బాక్సుకు చెప్పేస్తుంది. టీవీ మెనూల్లో దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: ఎనీనెట్ ప్లస్, సింప్‌లింక్, బ్రావియా సింక్. రెండు టీవీల్లోనూ, బాక్సులోనూ ఆపేయండి. రాత్రి చివరికి ఆపేవాళ్ళు బాక్సును రిమోట్‌తో స్టాండ్‌బైలో పెట్టే అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే రెండు టీవీలూ ఆపినా బాక్సు ఇక తనంతట తాను ఆగదు.

రెండు గదుల్లో మాట ముందూ వెనకా వినిపిస్తోంది, తగ్గించొచ్చా?

హెచ్‌డీఎంఐ, క్యాట్6 ఎక్స్‌టెండర్లతో ఆలస్యం తెలియనంత తక్కువ. ఐపీ రకం, డిజిటల్ మాడ్యులేటర్ బొమ్మను కుదించి విప్పుతాయి కాబట్టి వెనకబడతాయి. దాన్ని పూర్తిగా తీసేయలేం. తలుపు వేసుకోవడం, లేదా ఒక టీవీ వాల్యూమ్ తగ్గించడం తప్ప మార్గం లేదు.

కేబుల్ లాగేటప్పుడు ఏం చూసుకోవాలి?

కరెంటు వైర్లున్న పైపులోనే దూర్చకండి. పక్కపక్కన వెళ్ళాల్సివస్తే 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం, దాటాల్సివస్తే అడ్డంగా, కూడలిలా. హెచ్‌డీఎంఐ పిన్ను తల దాదాపు 20 మిల్లీమీటర్ల వెడల్పు, కాబట్టి 20 మిల్లీమీటర్ల పైపులో దూరదు. వంపులున్న 25 మిల్లీమీటర్ల పైపులోనూ ఇరుక్కుంటుంది. క్యాట్6 అయితే కేబుల్ లాగాక పిన్ను వేసుకోవచ్చు, పాత ఇళ్ళకు దాన్ని సిఫార్సు చేయడానికి ఇదే పెద్ద కారణం. పైపులో ఒక నైలాన్ తాడు మిగిల్చి ఉంచండి, ఇంకో కేబుల్ అవసరం ఎప్పుడో వస్తుంది. ఆర్‌జీ-6 కేబుల్‌ను 7 సెంటీమీటర్ల కంటే చిన్న వంపుగా మడవొద్దు.

కోయాక్సియల్ కొసకు ఎఫ్ కనెక్టర్ వేసేటప్పుడు లోపలి రాగి తీగ 6 నుంచి 7 మిల్లీమీటర్లు, దాని వెనక తెల్లటి నురుగు ఇంకో 6 నుంచి 7 మిల్లీమీటర్లు బయటపెట్టండి. జడలాంటి అల్యూమినియం పోగుల్ని వెనక్కి మడిచి కనెక్టర్ తొడగాలి. ఆ పోగుల్లో ఒక్కటైనా మధ్య తీగను తాకితే షార్ట్. బిగించాక కనెక్టర్ లోపలికి తొంగి చూస్తే నురుగు అడుగు అంచుతో సమానంగా, తీగ బయటి అంచు కంటే 2 మిల్లీమీటర్లు పైకి ఉండాలి. చేత్తో తిప్పి బిగించి, స్పానర్‌తో పావు చుట్టు చాలు.

ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోంది, ప్రమాదమా?

డిష్ ఎర్తింగ్ లేకపోవడమో, రెండు గదుల ప్లగ్గుల ఎర్త్ వేర్వేరుగా ఉండడమో కారణం కావచ్చు. గట్టిగా షాక్ కొడితే వెంటనే ప్లగ్గులు పీకి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. జివ్వుమనడం చిన్నదే అయినా హెచ్‌డీఎంఐ పోర్టులు దానికే కాలిపోవచ్చు, అందుకే కేబుల్ తగిలించేటప్పుడల్లా అన్నీ ఆఫ్ చేసి ప్లగ్గు పీకాలి. ఉరుములప్పుడు డిష్ కేబుల్ కూడా బాక్సు నుంచి విప్పేయండి. పెరట్లో వేరే కట్టడానికి లాగాల్సివస్తే రాగి తీగ వద్దు, ఆప్టికల్ కేబులే వేయండి.

పక్కింటికి ఇవ్వొచ్చా?

చందా షరతులు సాధారణంగా ఒకే ఇంటికి పరిమితం. ఇవ్వొద్దు.

వేర్వేరు ఛానళ్ళే కావాలి. అప్పుడేం చేయాలి?

రెండో బాక్సు తీసుకోండి. ఒకే చందా కింద అదనపు గదికి బాక్సు ఇచ్చే పథకం మీ సర్వీసులో ఉందేమో అడగండి. డిష్ ఒక్కటే చాలు, మార్చాల్సింది దాని ముక్కు దగ్గర ఉండే ఎల్‌ఎన్‌బీ.

మామూలు ఎల్‌ఎన్‌బీ ఒక సమయంలో నాలుగింట ఒక వంతు ఛానళ్ళనే కిందికి పంపుతుంది. ఏ వంతు కావాలో బాక్సే చెబుతుంది: 13 వోల్టులు పంపితే నిలువు పోలరైజేషన్ (తరంగాలు ఊగే దిశ), 18 పంపితే అడ్డం, 22 కిలోహెర్ట్జ్ టోన్ లేకపోతే కింది బ్యాండ్, ఉంటే పైది. ఆ కేబుల్‌కు స్ప్లిటర్ పెట్టి రెండు బాక్సులు తగిలిస్తే, ఒకటి 18 పంపుతుండగా ఇంకొకటి 13 అడిగితే 18దే గెలుస్తుంది. రెండో గదిలో ‘సిగ్నల్ లేదు’ అని వచ్చి, హాల్లో ఛానల్ మార్చగానే తిరిగి ప్రాణం పోసుకునే వింత ఇలాంటిదే. మీ సర్వీసు ఛానళ్ళన్నీ ఒకే పోలరైజేషన్‌లో, ఒకే బ్యాండ్‌లో ఉంటే మాత్రం స్ప్లిటర్ నడుస్తుంది.

అలా లేకపోతే రెండు బాక్సులకు ట్విన్ ఎల్‌ఎన్‌బీ, నాలుగింటికి క్వాడ్. ఒక్కో అవుట్ నుంచి ఒక్కో కేబుల్ నేరుగా ఒక్కో బాక్సుకు. ‘క్వాట్రో’ అని రాసినది పొరపాటున తెచ్చుకోకండి. దాని నాలుగు అవుట్లు నాలుగు వంతులకు కట్టుబడి ఉంటాయి, ఆ నాలుగింటినీ బాక్సులకు పంచే మల్టీస్విచ్ లేకుండా బాక్సుకు పెడితే పావు వంతు ఛానళ్ళే వస్తాయి. రెండో కేబుల్ లాగే దారే లేకపోతే యూనికేబుల్ ఎల్‌ఎన్‌బీ ఉంది, ఒక్క కేబుల్ మీద ఒక్కో బాక్సుకు ఒక్కో ఫ్రీక్వెన్సీ కేటాయించి పంపుతుంది. పాత రకం 8 ట్యూనర్ల దాకా, కొత్తది 32 దాకా మోస్తుంది. కాకపోతే బాక్సులో ఆ సదుపాయం ఉండాలి, రెండు బాక్సులకూ ఒకే నంబరు పెట్టకూడదు.